పక్కింటి కంప్యూటర్‌లో లేని చిప్పు

ప్రొద్దుటూరులో డిప్లొమా చదివే రోజుల్లో నా కడుపుమంట ఒక్క పూటా చల్లారలేదు. మరీ తాతలనాటి మాట కాదు, నాలుగైదేళ్ల కిందటిది. కారణం పక్కింటి కువైట్‌గాడు. (అసలు పేరు వేరే ఉంది, వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరు కాబట్టి వీధంతా అలాగే పిలిచేది.) వాడికి మెరిసే కొత్త కంప్యూటర్, నాకు మా మామ ఆఫీసులో పక్కన పడేసిన ముసలిది. వాళ్ల నాన్న సెలవుకొచ్చినప్పుడల్లా సబ్బయినా సెంటయినా రెండేసి తెచ్చి ఒకటి మా ఇంటికిచ్చేవాడు. ఆ సబ్బుతో స్నానం చేస్తూ కూడా నేను వాడి మీద కుళ్లుకునేవాణ్ణి.

మేమిద్దరం ఆడే తుపాకుల ఆట ఒకరోజు తెరుచుకోనని మొండికేసింది. దొంగాట ఆడేవాళ్లను ఆపడానికట, కంప్యూటర్‌లో భద్రతా చిప్పు ఉండాలి, సెక్యూర్ బూట్ అనే సెట్టింగు ఆన్ చేయాలి అంది. నా ముసలిదాంట్లో ఆ రెండూ లేవు. వాడిదాంట్లో రెండూ ఉన్నాయి, ఆన్ చేస్తే చాలు. ఆదివారం జమ్మలమడుగు కుర్రాళ్లతో పోటీ, మా జట్టులో మా ఇద్దరికీ చోటుంది. నాది ఎలాగూ పోయింది. వాడు మాత్రం ఎందుకు ఆడాలి? వీధికి కంప్యూటర్ డాక్టరును నేనే కనుక వాడు నన్నే పిలిచాడు. సెట్టింగుల పేజీ తెరిచి, పెద్ద వైద్యుడిలా తల అడ్డంగా ఊపి, "దీంట్లో చిప్పే లేదప్పా, ఏం జేసేకి లేదు" అన్నాను. వాడి ముఖం వాడిపోయింది. ఆ పూట నాకు అన్నం మహా రుచిగా ఉంది.

శనివారం పొద్దున్నే వాడు మా ఇంటికొచ్చాడు. "కువైట్‌లో ఉండే మా అబ్బకు ఫోన్ జేసినా మామా. వచ్చే నెల వచ్చేటప్పుడు చిప్పులు రెండు తెస్తాండు. ఒగటి నీకు. జట్టోళ్లకు ఈసారికి రామని జెప్పినా, అప్పుడు ఇద్దరం ఒగేసారి ఆడదాం" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. వాణ్ణి వాళ్లింటికి లాక్కుపోయి, అదే పేజీ తెరిచి, నాలుగు మీటలు నొక్కి అన్నీ ఆన్ చేశాను. ఆట తెరుచుకుంది. "చిప్పు మొదట్నుంచీ ఉండాది. కుళ్లుతో అబద్ధం జెప్పినా" అన్నాను. వాడు తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. "అట్లయితే అబ్బకు ఒగటే చాలని జెప్తా, నీది" అని లేచాడు.

వాడు జట్టోళ్లకు మళ్లీ వస్తానని కబురు పెట్టాడు. ఆదివారం వాడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. గెలిచారు కూడా. నా మనసు కడిగిన ముత్యమైందని రాయాలని ఉంది గానీ, ఇంత బాగా ఆడతాడేమని మళ్లీ కుళ్లుకున్నాను. మరుసటి నెల చిప్పు రానే వచ్చింది. తీరా చూస్తే నా ముసలిదాంట్లో దాన్ని పెట్టే చోటే లేదు. వాళ్ల నాన్న ఆశగా "పని జేస్తాందా నాయనా?" అని అడిగితే, బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నాను. పక్కనే ఉన్న వాడికి నిజం తెలుసు. నా అబద్ధానికి వాడూ తలూపాడు.

ఇప్పుడు నా దగ్గర వాడిదానికంటే మంచి కంప్యూటరే ఉంది. అయినా ఆ తలూపడం గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, వాడంటే మళ్లీ కుళ్లూ పుడుతుంది.