ప్రమీలారాణి గింజ మొక్క

మా మరదలు ప్రమీలారాణి అంటే నాకు పడదు. ఆ సంగతి మొదటే చెప్పేస్తే ఓ పనైపోతుంది. తమ్ముడు పోయి ఏడేళ్ళయింది. అప్పటినుంచి గోడకి ఇటు నేను, అటు ఆవిడ.

విస్సన్నపేట పిల్ల. కుట్టుమిషను తొక్కి కూతుర్ని నర్సింగ్ చదివించింది, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. అది ఒప్పుకుంటాను. కానీ ఏం పొగరండీ! మా మామిడాకులు వాళ్ళ వాకిట్లో రాలితే ఊడ్చి, గోడ మీంచి మళ్ళీ నా నర్సరీలోకే పోసేది. మా ఆవిడ ఇచ్చిన జాకెట్టు గుడ్డని నెల్లాళ్ళు ఉంచుకుని, మడతైనా విప్పకుండా తిప్పి పంపింది.

అలాంటి మనిషి మూడేళ్ళ కిందట ఫోన్లో ఏవో పూల గింజలు తెప్పించింది. ఏంజెల్స్ ట్రంపెట్ అట, హైబ్రిడ్ అట. చూడబోతే ఉమ్మెత్త జాతి, ఆకు నుంచి వేరు దాకా విషం. గింజలు నానబెట్టి, బెండులాంటి పైతొక్కని గోళ్ళతో ఒలిచి, పెయింటు డబ్బాల్లో పెట్టింది. నలభై ఏళ్ళుగా మామిడి అంట్లు కడుతున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"గింజ మొక్కా? ఏం పూస్తుందో దేవుడికే తెలియాలి. తల్లి పువ్వే కావాలంటే కొమ్మ పెట్టాలమ్మా," అన్నాను గోడ మీంచి.

"పూసినప్పుడు చూద్దురుగాని బావగారూ," అంది తలెత్తకుండా.

పదహారు పెడితే తొమ్మిది మొలిచాయి. కుళ్ళూ పురుగూ పోను ఒక్కటే మిగిలింది. దానికి రెండు పూటలా నీళ్ళు, ఎండ ముదిరితే పాత చీరతో పందిరి. మనిషెత్తు దాటాక కాండం రెండుగా చీలింది. ఆ పంగ పడితే గాని మొగ్గ రాదట. ఎట్టకేలకు బెండకాయలంత మొగ్గలు వేలాడాయి. రంగేమిటో చూడాలని ఆవిడ మాటిమాటికీ మిషను ఆపి వచ్చి నిలబడేది. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఓ కొమ్మ గోడ దాటి నా వైపు వచ్చింది. మా గేదె తింటే చస్తుందని ఓ సాకు దొరికింది. దారాల కోసం ఆవిడ నూజివీడు వెళ్ళిన మధ్యాహ్నం, నిచ్చెనేసుకుని అటు దిగి, పంగ కిందికంటా నరికి, ముక్కలు అక్కడే పడేసి వచ్చాను.

"చేతులు పడిపోను! రంగైనా చూడనివ్వలేదు కదండీ!" అని వీధంతా వినేలా ఏడ్చింది. నేను లోపల కాఫీ తాగుతున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

ఏడుపయ్యాక ఆ ముక్కలన్నీ ఏరి బకెట్లో నిలబెట్టింది. మర్నాడు గోడ పొడుగునా గుచ్చింది. పదకొండు! కొమ్మ పెట్టమని చెప్పిందెవరయ్యా అంటే, నేనే!

కార్తీకంలో పూశాయి. జానెడు పొడుగు పువ్వులు, పొర మీద పొర, చిన్నరసం మామిడి గుజ్జు రంగు. సాయంత్రమయ్యేసరికి వాసన మా హాల్లోకి వచ్చేస్తుంది. మా ఆవిడైతే కిటికీ మూయనివ్వదు. అంట్లకని వచ్చినవాళ్ళు కూడా మామిడి సంగతి మర్చిపోయి, "ఆ వేలాడే పూల మొక్క ఇవ్వండి," అంటున్నారు.

చివరికి సిగ్గు చంపుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్క కొమ్మ ఇవ్వమ్మా ప్రమీలా."

మిషను ఆపింది. లోపలికెళ్ళి ఓ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కొమ్మ ఇవ్వనండి. అప్పటి గింజలు నాలుగు మిగిలాయి, నాటుకోండి. మూడేళ్ళేగా. ఏం పూస్తుందో, పూసినప్పుడు చూద్దురుగాని."