కోతగుంటలో దగ్గు

మానును చూసి పేరు చెప్పేవాళ్ళు నల్లమల అంచున ఊరికి పదిమంది దొరుకుతారు. అందులో గొప్పేముంది? నోట్లో పడిన పొట్టును బట్టి మాను పేరు చెప్పేవాడు మాత్రం ఒక్కడే, ఏబేలు. చెప్పక ఏం చేస్తాడు పాపం! గిద్దలూరు కలప అడితిలో ఇరవై రెండేళ్ళు కోతగుంటలో నిలబడి రంపం లాగినవాడు. జొన్నసంగటి ఎంత తిన్నాడో, రంపపు పొట్టూ అంతే తిని ఉంటాడు.

కోతగుంట చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నిలువులోతు గుంట, దాని మీద అడ్డంగా దుంగ. దుంగ మీద ఒకడు, గుంటలో ఒకడు, ఇద్దరి మధ్యా మనిషి పొడవు రంపం. పైవాడు రంపాన్ని ఎత్తి, బొగ్గుతాడుతో కొట్టిన గీత మీద నడిపిస్తాడు. కిందివాడు లాగుతాడు. పొట్టు కిందివాడి నెత్తిన, పేరు పైవాడి నెత్తిన.

ఏబేలు కళ్ళు సగం మూసుకునే అన్నీ చెప్పేవాడు. టేకు పొట్టు నాలుక మీద జిడ్డుగా తగులుతుంది, చెదపురుగు దాని జోలికి పోనిది ఆ జిడ్డుకే అంటాడు. వేగి మాను కోసిన రోజు పొట్టు చెమటకు తడిసి ఒళ్ళంతా పచ్చబడేది. "నలుగు పెట్టించుకొని వచ్చినావా పెండ్లికొడకా, పిల్లేదీ?" అని పెళ్ళాం జ్ఞానమ్మ ఎగతాళి చేసేది. జిట్రేగి కోస్తే గుంటంతా కమ్మటి వాసన. శ్రీమంతుల మంచాలకు పోయే ఆ మాను ముందుగా తన ముక్కుకే దక్కుతుందని ఏబేలుకు కాస్త గర్వం కూడా. ఇక బిల్లుడు మాట ఎత్తకండి. చూడ్డానికి పేరిన నెయ్యిలా మెరుస్తుంది, పొట్టు మీద పడిందంటే వారం రోజులు దురద. ఆ పేరు వింటేనే ఏబేలు చెయ్యి వీపు మీదికి పోయేది.

వీటన్నిటికీ పెద్దమ్మ నారేపి. నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది. మేకు దిగదు, వంగిపోతుంది. రంపం ఒక దుంగ కొయ్యడానికి రెండుసార్లు ఆకురాయి అడుగుతుంది. రోకళ్ళకూ, ఇరుసులకూ, రైలుపట్టాల కింద పరిచే దిమ్మలకూ దాన్ని మించింది లేదు.

పైన ఉండేవాడు కాశయ్య. ఇద్దరిదీ బేస్తవారిపేట పక్క ఒకే ఊరు. కాకపోతే కాశయ్య ఊళ్ళో గొర్రెలూ మేకలూ ఉన్న ఇంటివాడు, ఏబేలు ఊరి బయట పల్లెవాడు, ఆదివారం ప్రార్థనలో ముందు వరసవాడు. పైన ఎవడు, కింద ఎవడు అనే మాట వాళ్ళ మధ్య ఏనాడూ రాలేదు. రావలసిన పనేముంది? ఊరివాడి నెత్తి మీద పల్లెవాడి కాళ్ళు నిలబడతాయా! ఏబేలుకు మాత్రం చచ్చేలోగా ఒక్క దుంగయినా పైన నిలబడి కొయ్యాలని కోరిక. అది జ్ఞానమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నిరుటి నుంచి కాశయ్య కళ్ళకు పొరలు కమ్మాయి. ఆయన చెప్పలేదు, చెప్పే రకమూ కాదు. ఒకరోజు టేకు దూలం కోస్తుంటే రంపం గీత తప్పి కుడికి జరిగింది. రంపం పక్కకు పోతే గుంటలో ఉన్నవాడి మణికట్టుకు వెంటనే తెలుస్తుంది. ఏబేలు నోరు తెరిచేలోగా పొట్టు గొంతుకు అడ్డం పడి ఖళ్ళున దగ్గాడు. పైన రంపం ఎడమకు సర్దుకుంది. ఆ మధ్యాహ్నం సద్ది మూటలు విప్పుతూ కాశయ్య ఎటో చూస్తూ అన్నాడు.

"ఒరే ఏబేలూ, ఇందాక దగ్గినావే, రంపం కుడికి పోతే అట్ల ఒకసారి దగ్గు. ఎడమకు పోతే రెండుసార్లు దగ్గు."

"ఎందుకన్నా?"

"ఎందుకో నీకు దెలీదా? తిను, తిను."

అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఏడాదిపాటు ఒక దగ్గుకు ఎడమకు, రెండు దగ్గులకు కుడికి రంపం నడిచింది. పలకలు నూలు పట్టినట్టు వచ్చాయి. "కాశయ్య చెయ్యంటే చెయ్యి!" అని అడితి అంతా మెచ్చుకుంటుంటే, ఆయన మీసం దువ్వుకొని ఒప్పుకునేవాడు. సిగ్గు ఉండొద్దూ!

జ్ఞానమ్మకు ఒళ్ళు మండిపోయేది. "కండ్లు ఆయనకు లేకపాయె, దగ్గేది నువ్వాయె, మెప్పేమో ఆయనకా? సెట్టికి చెప్పి నువ్వు పైకెక్కు" అనేది.

"నేనెక్కితే ఆయన దిగాల గదమ్మీ. నా కాళ్ళ కింద నిలబడితే ఊళ్ళో ఆయన్ను బతకనిస్తారా? నిలబడకపోతే పనిల్యా. ముసలోడు యాడికి పోతాడు?"

"నువ్వు క్రీస్తు కంటే మంచోడివి కావద్దులే" అని ఆమె చేట విసిరికొట్టేది.

ఆ వేసవిలో రైలువాళ్ళకు నారేపి దిమ్మలు కావాలని కబురు వచ్చింది. అడితి యజమాని వెంకటసుబ్బయ్య శెట్టి పొద్దస్తమానం గుంటల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నారేపి కదా, రంపం గీత మీద నిలవడం లేదు. ఏబేలు దగ్గీ దగ్గీ గొంతు బొంగురుపోయింది. ఖళ్! ఖళ్ ఖళ్! శెట్టి ఆగి, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరే, బయటికి రా. ఏందిరా ఆ దగ్గు?"

"పొట్టు సెట్టిగారూ" అన్నాడు ఏబేలు గుంటలోంచి ఎక్కి వస్తూ.

"ఇన్నేండ్లు లేని పొట్టు ఇప్పుడే వచ్చిందా? మా వియ్యంకుడు ఇట్లనే దగ్గినాడు, ఆర్నెల్లు తిరగలేదు. క్షయరా నాయనా! మదనపల్లెలో ఆసుపత్రి ఉందంట, ఆడికి పో. రేపటి నుంచి అడితిలో అడుగు పెట్టొద్దు."

ఏబేలు తుండుగుడ్డతో ముఖం మీది పొట్టు తుడుచుకున్నాడు. నోరు విప్పితే కాశయ్య పని పోతుంది, విప్పకపోతే తన పని పోతుంది. విప్పితే పైకి ఎక్కడం కూడా ఖాయమే! ఇరవై రెండేళ్ళ కోరిక నాలుక చివరనే ఉంది. దుంగ మీదికి చూశాడు. కాశయ్య రంపం పిడి పట్టుకొని, మసక కళ్ళతో ఎవరూ లేని దిక్కుకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. ఆయన్ను చూస్తే ఏబేలుకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఔ సెట్టిగారూ, జబ్బే" అన్నాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఉరుములాంటి గొంతు.

"వాని మొగం! వానికి జబ్బేంది? జబ్బు నాది."

కాశయ్య దుంగ మీద నుంచి కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు. పక్క గుంటల్లో రంపాలు ఆగిపోయాయి. "నాకు కండ్లు పోయి ఏడాదాయె సెట్టీ. వాడు దగ్గేది నాకు తోవ చెప్పేదానికి. నువ్వు మెచ్చుకున్న పలకలన్నీ వాని దగ్గులే కోసినాయి."

శెట్టి దుంగ మీది గీతనూ కాశయ్య కళ్ళనూ మార్చి మార్చి చూశాడు. "అయితే గుడ్డోన్ని పెట్టుకొని నేనేం జేసుకుందు?" అన్నాడు.

"గుంటలో కండ్లతో పనేముంది? తెరిస్తే పొట్టు పడుతుంది. మూసుకునే లాగాల. నాకంటే తగినోడు నీకు యాడ దొరుకుతాడు?"

అని, గుంట అంచు తడుముకొని కాశయ్య కిందికి దిగాడు. అవతలి గుంట దగ్గర ఎవరో ఛీ అన్నారు. శెట్టి గడ్డం గోక్కున్నాడు. నారేపి కోసేవాళ్ళు ఊరికే దొరకరని ఆయనకూ తెలుసు. "సరే, ఈ దుంగ కొయ్యండి. గీత తప్పిందా, ఇద్దరూ ఇంటికి పోండి" అని తీర్పు చెప్పాడు.

ఇన్నాళ్ళూ కోరుకున్నది ఎదురుగా ఉంటే ఏబేలు ఎక్కలేదు. దుంగ పక్కన నిలబడి గుంటలోకి వంగాడు.

"నీ నెత్తిన నిలబడాల్నా అన్నా? నా వల్ల గాదు."

"ఎందుగ్గాదు? ఇరవై రెండేండ్లు నా కాళ్ళ కింద నిలబడితివే. నీకేమన్నా అయ్యిందా?"

మామూలుగా అయితే ఏబేలు "అబ్బే, ఏం గాలేదన్నా" అనేవాడే. ఆ రోజు ఆ మాట నోట్లోంచి రాలేదు.

"అయ్యింది అన్నా" అన్నాడు.

గుంటలో రెండు చేతులు రంపం కింది పిడిని తడిమి పట్టుకున్నాయి.

"అయితే నాకూ కానీలే" అన్నాడు కాశయ్య. "ఎక్కు."

ఏబేలు ఎక్కాడు. మొదటి నాలుగు పోట్లకు రంపం తడబడింది. పైనుంచి ఎత్తడం ఎంత బరువో అప్పుడు తెలిసొచ్చి, ముసలాయన ఇన్నేళ్ళూ ఊరికే మీసం దువ్వుకోలేదని ఏబేలు మనసులోనే ఒప్పుకున్నాడు. తర్వాత పని కుదురుకుంది. పొద్దు వాలేవేళకు దుంగ రెండుగా విడిపోయింది. శెట్టి కోసిన ముఖం మీద నూలు పట్టి చూశాడు, తల పక్కకు వంచి మళ్ళీ చూశాడు. తప్పు దొరకనందుకు విసుక్కుంటూ, "పొద్దున్నే రండి" అని వెళ్ళిపోయాడు.

కాశయ్య పైకి రావాలి. ఏబేలు అలవాటు లేని పనిగా గుంటలోకి చెయ్యి చాచాడు. చాచాక, చుట్టూ జనం చూస్తున్నారని గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయాడు. కింద కాశయ్య నెత్తిన, మీసాల నిండా పొట్టుతో, గాలిలో రెండు చేతులూ ఆడిస్తున్నాడు.

"చెయ్యేదిరా? నాకు కనపడదని దాచిపెడితివా?"

ఏబేలు మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ అందించాడు.