ఆరు సెకన్ల బేరం

గడియారంతో బేరమాడి తగ్గించుకున్న మొనగాడు ఈ జూబ్లీహిల్స్ మొత్తం మీద ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. ఇక్కడ స్థలం రేటు తగ్గించినవాళ్లు ఉన్నారు. హీరోగారి పారితోషికం తగ్గించిన నిర్మాత కూడా ఒకాయన ఉన్నాడని విన్నాను, నమ్మలేదు. కానీ ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని రొప్పుతూ, స్టాప్‌వాచీ పట్టుకున్న మనిషి చేత పది సెకన్లు తగ్గించి రాయించుకున్న ఘనత మాత్రం నాదే. ఆ ఘనకార్యాన్ని మరిచిపోయినట్టే ఉన్నాను. పోయిన వారం మా శనివారం పరుగుల బృందంలో ఎవరో ఓపిక చేసి పాత నోటుపుస్తకాల ఫొటోలన్నీ వాట్సాప్‌లో పెట్టారు. ఒక పేజీలో నా పేరు పక్కన ఒక అంకె, దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన ఇంకో అంకె. దాన్ని చూస్తూ కూర్చుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది.

నేను కొట్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. తెనాలిలో మా నాన్నది కిరాణా, పెదనాన్నది బట్టలు, మేనమామది ఇత్తడి సామాను. మూడు కొట్లూ ఒకే వరసలో ఉండేవి. మా ఇళ్లల్లో పిల్లలకి ఎక్కాలు రాకముందే బేరం వచ్చేది. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో షూటింగులకి ఫర్నిచర్ అద్దెకిచ్చే వ్యాపారం నాది. పొద్దున మహారాజు కూర్చున్న సింహాసనం మీదే మధ్యాహ్నం కామెడీ విలన్ కూర్చుంటాడు, రెంటికీ అద్దె వేరు. ఇలాంటివాణ్ణి పరుగులోకి దింపింది కూడా ఒక బేరమే. షుగరు అంచు మీద ఉంది, రోజూ గంటసేపు నడవమన్నాడు డాక్టరు. అలవాటు కొద్దీ “అరగంటకి రాదాండీ?” అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, “పరిగెత్తితే వస్తుంది” అన్నాడు. ఖాయం చేసుకుని లేచి వచ్చాను. బేరం ఎవరి వైపు మొగ్గిందో మూడు రోజుల తర్వాత పిక్కలు చెప్పాయి.

ఆ ఊపులోనే బూట్లు కొన్నాను. సగం ధరకి వస్తున్నాయని ఒక సైజు చిన్నవి. పరిగెడితే మనిషి సన్నబడతాడు కాబట్టి పాదం కూడా సన్నబడుతుందని నా లెక్క. రెండు గోళ్లు నల్లబడి ఊడిపోయాక ఆ లెక్క కొట్టేశాను. “ఏ కొట్లో నేర్పారండీ ఈ శాస్త్రం?” అని మా ఆవిడ అడిగింది. ఆవిడ పుట్టింటివాళ్లదీ కొట్టే, చీరాలలో. అందుకని మా ఇంట్లో నేను గెలిచే బేరాలు తక్కువ.

శనివారం పొద్దున్నే పార్కు బయట చేరేవాళ్లం, ఓ యాభై అరవై మందిమి. ఎర్రమట్టి బాట మీద ఐదు కిలోమీటర్లు. రుసుము లేదు, బహుమతి లేదు. చివర నిలబడ్డ ఒకాయన టైము చదువుతాడు, నోటుపుస్తకంలో ఎక్కుతుంది, అంతే. ఉచితంగా ఇచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని మొదటి నెలంతా వెతికాను. మెలిక ఏమిటంటే, ఆ అంకె మనిషిని వారమంతా నమిలేస్తుంది. నా మొదటి టైము నలభై ఒక్క నిమిషాలు. ఒక బామ్మగారు చెవుల్లో విష్ణు సహస్రనామం పెట్టుకుని వచ్చి, నన్ను దాటి, వెనక్కి తిరిగి “జాగ్రత్త నాయనా” అని కూడా అని వెళ్లింది. నాలుగు నెలలకి ముప్పై ఆరుకి దిగాను. పెళ్లిళ్ల సీజన్లో మళ్లీ ముప్పై తొమ్మిదికి ఎక్కాను, మామిడిపళ్ల రోజుల్లో నలభైకి. వానాకాలంలో పంతం పట్టి, వారానికి రెండు పొద్దులు ఫిల్మ్ నగర్ ఎత్తు రోడ్డు మీద పైకీ కిందకీ పరిగెత్తాను. కార్లలో పోయేవాళ్లు ఏదో సినిమాకి ఒళ్లు తగ్గిస్తున్న కారెక్టర్ ఆర్టిస్టుననుకుని అద్దాలు దించి చూసేవాళ్లు. ఏ సినిమా అని అడిగితే షూటింగ్ ఇంకా మొదలవలేదని చెప్పేవాణ్ణి. ముప్పై మూడు, ముప్పై రెండు, ముప్పై ఒకటిన్నర. అక్కడ ఆగింది. ముప్పై లోపు రావాలి. డాక్టరు దగ్గర అరగంట అని నోటితో అన్నాను కదా, అన్న మాట నిలబెట్టుకోవాలని పంతం పట్టుకుంది నాకు.

టైము చదివేది ఎడిటర్‌గారు. డెబ్బై దాటినాయన. ఫిల్ముని కత్తిరించి అతికించిన రోజుల నుంచి పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. ఒకసారి మాట వరసకి “ఒక్క సెకను అటూ ఇటూ అయితే ఏముందండీ” అన్నాను. “సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములండీ. ఇరవై నాలుగు ఫ్రేముల్లో మనిషి చచ్చిపోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు” అన్నారు. ఇక ఆయన దగ్గర పప్పులు ఉడకవని అర్థమైంది.

ఈ కథలో రెండోవాడు మా లైట్‌మన్. ఉండేది రహమత్ నగర్‌లో, షూటింగుల్లో పెద్ద పెద్ద లైట్లు మోసే పని. నలభై ఏళ్లు, గుప్పెడు మనిషి, గాలికి కొట్టుకుపోయే కాగితంలా పరిగెడతాడు. మా బృందంలో వీపు మీద ‘30’ అని రాసిన పసుపు జాకెట్ అతనిది. ఆ జాకెట్ వేసుకున్నవాణ్ణి పేసర్ అంటారు, అతను సరిగ్గా ముప్పై నిమిషాలకి గీత దాటాలి. అరగంటలో రావాలనుకునేవాళ్లు గడియారం చూసుకోనక్కర్లేదు, అతని వీపు చూస్తూ పరిగెడితే చాలు. రెండు సెకన్లు అటూ ఇటూ అవడం నేనెన్నడూ చూడలేదు. ఇంత వేగం ఉన్నవాడివి, ముందుకి పోయి మొదటి స్థానం కొట్టొచ్చు కదా, మా కోసం ఎందుకు ఆగుతావని అడిగాను ఒకసారి.

“షూటింగుల నేను ఎవ్వనికీ కనబడ సేటూ. లైటు ఎనక ఉంటగా, అందరు ముంగటికే చూస్తరు. గీడ జాకెట్ ఏస్కుంటే ఇరవై మంది నా ఈపు చూస్కుంట ఉరుకుతరు. గిది ఏ హీరోకుంది చెప్పు?” అన్నాడు నవ్వుతూ.

ఆ శనివారం చలి బాగా ఉంది. ఎడిటర్‌గారికి కంటి ఆపరేషన్ అయిందని, వాచీ బంజారా హిల్స్ నుంచి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి చేతిలో పెట్టారు. నేను మొదటి అడుగు నుంచీ లైట్‌మన్ వీపుకి అతుక్కుపోయాను. నాలుగో కిలోమీటరు దాకా కాళ్లు నావి కావన్నట్టు తేలికగా నడిచాయి. ఆఖరి ఎత్తు దగ్గర ఊపిరి చిక్కలేదు. పసుపు వీపు నాలుగడుగులు దూరం జరిగింది, ఆరడుగులయింది. ఇక వదిలేద్దామనుకుంటుండగా ఆ వీపు నెమ్మదించింది. అతను తల తిప్పి, “ఆగకు సేటూ, జర, జర్రంతే ఉంది, రా!” అని అరిచాడు. వెళ్లాను. అతను ముందు, నేను ఒక్క అడుగు వెనక, గీత దాటాం.

“ముప్పై నిమిషాల ఐదు సెకన్లు. ముప్పై నిమిషాల ఆరు సెకన్లు” అని చదివింది అమ్మాయి.

లైట్‌మన్ నీళ్ల కోసం అటు వెళ్లాడు. ఆరు సెకన్లు! ఏడాదిన్నర చేసిన కష్టం ఆరు సెకన్ల దగ్గర తన్నుకుంటోంది. నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది. “అమ్మా, మలుపులో కుక్క అడ్డం వచ్చింది. ఒక్క పదిహేను సెకన్లు తీసెయ్యమ్మా” అన్నాను. కుక్క వచ్చిన మాట నిజమే, కాకపోతే అది నన్ను చూసి తనే తప్పుకుంది. కావలసింది ఏడే అయినా పదిహేను అడిగాను చూడండి, అదీ కొట్లో పెరిగిన బుద్ధి. అమ్మాయి నవ్వింది. “పదిహేను ఎక్కువ అంకుల్. పది చేస్తా” అంది. ఇరవై తొమ్మిది నిమిషాల యాభై ఆరు అని పుస్తకంలో రాసింది. ఇంత సులువుగా కుదిరిన బేరం నా జన్మలో లేదు. అలా కుదిరినప్పుడే అనుమానించాలని కూడా మా కొట్లలో నేర్పారు, గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నానికి జాబితా ఫోన్లలోకి వచ్చింది. ఎవరు ముందు వచ్చారన్నది చూడకుండా, తక్కువ టైము పైన, ఎక్కువ టైము కింద పేర్చుకుంది కంప్యూటరు. నేను పైన, లైట్‌మన్ నా కింద. “పేసర్‌నే దాటేసిన సేటు!” అని చప్పట్ల బొమ్మలు వచ్చాయి. “జాకెట్ బరువైందా అన్నా?” అని లైట్‌మన్‌కి వేళాకోళాలు. మా ఆవిడ ఫోను కళ్లకి దూరంగా పెట్టి చదివి, “మీరు ఆయన వెనకాలే వచ్చానన్నారుగా?” అంది. కుక్క సంగతి, అమ్మాయి సంగతి చెప్పి, నా చాకచక్యానికి నేనే నవ్వాను. ఆవిడ నవ్వలేదు. “ధర దగ్గర బేరమాడితే తెలివంటారు. తూకంలో చెయ్యి పెడితే ఏమంటారో మీ నాన్నగారుంటే చెప్పేవారు” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మా నాన్న ధర దగ్గర ఎన్ని అబద్ధాలైనా చెప్పేవాడు. “నాకే అంతకి పడలేదమ్మా” అంటూ లాభానికి అమ్మేవాడు. కానీ త్రాసు మీద ఈగ వాలినా తోలి మళ్లీ తూచేవాడు. ఆ పూట అన్నం సగంలో లేచాను. అయినా ఆ సాయంత్రం నోరు విప్పలేదు. ఆదివారం విప్పలేదు, వారమంతా విప్పలేదు.

తర్వాతి శనివారం నల్ల కళ్లద్దాలతో ఎడిటర్‌గారు వచ్చేశారు. జాబితా ఎవరి చేతో చదివించుకున్నారు. లైట్‌మన్‌ని పిలిచి, అందరి ముందే, కోపం లేకుండా అన్నారు. “ఏమయ్యా, వీపు మీద ముప్పై రాసుకుని ముప్పై దాటితే ఎలా? నీ వెనకాల ఉండాల్సినాయన నీకంటే ముందొచ్చాడు. ఇంక నిన్ను చూసి పరిగెత్తడం దేనికి? ఈ నెల విశ్రాంతి తీసుకో. జాకెట్ ఇంకొకరికి ఇద్దాం.”

లైట్‌మన్ ఒక్కసారి నా వైపు చూశాడు. అతనికి తెలుసు. ఒక్క అడుగు వెనక నా బూట్ల చప్పుడు వింటూ వచ్చినవాడు. తాను వేగం ఎందుకు తగ్గించాడో కూడా అతనికి తెలుసు. చెబితే ఒక్క ముక్కలో తేలిపోతుంది. చెప్పలేదు. జాకెట్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఎడిటర్‌గారి చేతిలో పెట్టాడు. లోపల చొక్కాకి భుజం దగ్గర చిరుగు ఉంది, దాని మీద చెయ్యి పెట్టుకుని పక్కకి జరిగాడు. ఆ చెయ్యి చూశాక నేను నిలబడలేకపోయాను.

“ఎడిటర్‌గారూ, ఆ టైము నాది కాదండీ” అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది, అందరూ తిరిగారు. ఇంక దాచడానికి లేక మొత్తం చెప్పాను: ఆరు సెకన్లు, పదిహేను అడగడం, పదికి కుదరడం, కుక్క. కుక్క దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి మొహం కందిపోయి “నాదీ తప్పే సర్” అనబోతే, “నీదేం లేదమ్మా, అడిగినవాడిదే” అన్నాను. లైట్‌మన్ నా కోసమే ఆగాడని, ఆగకపోతే ముప్పైకి టంచనుగా వచ్చేవాడని కూడా చెప్పాను. ఎడిటర్‌గారు ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, పుస్తకాన్ని కళ్లకి ఆనించుకుని, నా అంకె మీద గీత గీసి, పక్కన ముప్పై నిమిషాల ఆరు అని రాశారు. “పుస్తకంలో ముందు షాట్‌లో ఉన్నవాడు జాబితాలో వెనక షాట్‌లోకి ఎలా వెళ్లాడా అని నేనూ అనుకోవాల్సింది. కళ్లు ఇంకా కుదరలేదు” అన్నారు. తర్వాత లైట్‌మన్‌తో, “నువ్వు ఆగడం కూడా తప్పేనయ్యా. నీ వెనకాల ఇంకా ఉన్నారుగా” అని, మడత విప్పకుండానే జాకెట్ తిరిగి ఇచ్చేశారు.

పరుగయ్యాక టీ బండి దగ్గర అతని పక్కన నిలబడ్డాను. సారీ అన్నాను. అతను టీ ఊదుకుంటూ అన్నాడు, “ఆరు సెకన్లకు నన్ను అమ్మినవ్ సేటూ. అమ్మితే అమ్మినవ్, కొట్టోనివి గద, జర మంచి ధరకన్న అమ్మొద్దా?” నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. నా టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, తనవీ ఇవ్వనివ్వలేదు, రెండూ తనే ఇచ్చాడు. రెండు నెలలు నాతో ముక్తసరిగానే ఉన్నాడు. మూడో నెలలో ఒక శనివారం, ఎత్తు ఎక్కుతుండగా, తల తిప్పకుండానే “వస్తున్నవా సేటూ?” అని అరిచాడు. వస్తున్నానన్నాను.

ఇది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు నిజం లెక్క చెబుతాను. ముప్పై లోపు నేను ఎన్నడూ రాలేదు. అన్నిటికంటే మంచి టైము ముప్పై నిమిషాల రెండు సెకన్లు, అదీ ఒక్కసారే. మోకాలు మొరాయించాక ముప్పై నాలుగు, ముప్పై ఐదు మధ్య తిరుగుతున్నాను. మొన్న ఒక బామ్మగారు మళ్లీ దాటింది, వేరే బామ్మగారు. షుగరు ఇంకా అంచు మీదే ఉంది, దాటలేదు. బేరమాడి తెచ్చుకున్న పది సెకన్లు వారం రోజులు నా దగ్గర ఉన్నాయి, ఆ వారంలో ఒక్క పూటా తిన్నది ఒంటపట్టలేదు. అడగకుండా వచ్చినవి మాత్రం ఒక ఐదు సెకన్లు ఉన్నాయి. ఆ ఎత్తు దగ్గర ఒక మనిషి తన లెక్క పాడుచేసుకుని నా కోసం ఆగినవి. తూచడం అయిపోయాక మా నాన్న పొట్లంలో ఇంకో గుప్పెడు వేసేవాడు, కొసరు అని. కాలం ఎవరికీ తగ్గించి ఇవ్వదు, కొసరూ వెయ్యదు. వేస్తే పక్కన పరిగెత్తే మనుషులే తమ వంతులోంచి తీసి వెయ్యాలి.