టైపు సారు కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు

సంతాపం రాయవలసిన చోట కోపం రాస్తున్నందుకు కల్వకుర్తి పుర ప్రముఖులకు, వారి శాలువాలకు, వారి చేతిలోని మైకుకు ముందుగా శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా టైపు సారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున టైపు మిషన్లకు నూనె వేస్తూ వేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారు. నాలుగో రోజు ఇన్‌స్టిట్యూట్ ముందు టెంటు వేసి సభ పెట్టారు. ముప్పై ఏళ్లు ఈ ఊరి పిల్లల వేళ్లకు బతుకుదెరువు నేర్పిన మనిషి గురించి మన పెద్దమనుషులకు దొరికింది ఒక్కటే ముచ్చట.

"సారు కంప్యూటర్ అబద్ధం చెప్పి సారును పట్నం దాకా తోలింది గద!"

టెంటంతా నవ్వింది. ఆ నవ్వు మీదే నా కోపం.

ఆ కంప్యూటర్ సంగతి తెలియని వారికి చెబుతాను. కొన్నేళ్ల కిందట పట్నంలో ఏదో ఆఫీసు వద్దనుకున్నదాన్ని సారు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి తాను చెమటలో కూర్చునేవారు. ఊరివాళ్లు అందులో జాతకాలు వస్తాయా అని అడుగుతుంటే సారు గళ్ల పట్టీ ఒకటి తయారు చేశారు. నిలువుగా మా పేర్లు, అడ్డంగా ఐదు మెట్లు. నౌకరి అనుకోవడం ఒకటి, ఫారం పంపడం రెండు, హాల్ టికెట్ రావడం మూడు, పరీక్ష రాయడం నాలుగు, చేరడం ఐదు. దుకాణం పెట్టుకునేవాళ్లకు వేరే పట్టీ, వేరే మెట్లు. శనివారం మధ్యాహ్నం కాగితం పట్టుకుని బస్టాండు హోటల్‌కు వచ్చేవారు. ఎవరెవరు ఎక్కడి దాకా వచ్చారో అడిగి రాసుకుని పోయి అందులో ఎక్కించేవారు.

మా వాడకట్టులో మేకలు కాసే ఇంటి అక్క ఒకామె పాల దుకాణం పెట్టాలనుకుంది.

"ఏ మెట్టు మీదున్నవు బిడ్డా?" అన్నారు సారు.

"జాగా దొరికింది సారూ, మీద రేకులు పడలే. నీ డబ్బల రాసుకో, గదేమన్న రేకులు తెచ్చిస్తదేమో!"

"తెచ్చియ్యదు. రేకుల కాడ ఆగి ఏడు వారాలాయెనని చెప్తది, గంతే."

ఆమె నవ్వడం ఆపింది. "ఏడు వారాలా? మూడే అనుకున్న." మరుసటి శనివారానికి రేకులు పడ్డాయి. ఆ దుకాణం నేటికీ నడుస్తోంది. టెంటు కింద నవ్వనిది ఆమె ఒక్కతే.

మైకు పట్టుకుని అందరినీ నవ్వించిన ఆఫీసరు గారు మూడుసార్లు పరీక్ష తప్పారు. నాలాంటి వాళ్లం, "ఆయన పేరు తీసెయ్యిండ్రి సార్, పట్టీ ఖరాబైతాంది" అన్నాం. సారు తీయలేదు. "తప్పినోళ్లను తీసేస్తే పట్టీ సాఫ్ కనవడ్తదిర. సాఫ్ కనవడేందుకు పెట్టలే గిది" అని మూడుసార్లూ ఆయన్ని మళ్లీ మొదటి మెట్టు మీద నిలబెట్టారు. నాలుగోసారి ఆయన ఐదో మెట్టెక్కారు. ఎక్కి, మైకు దొరికేదాకా సారును తలచుకోలేదు.

ఇక ఆ పట్నం ముచ్చట. ఒక ఏడాది మా ఊరి నుంచి పదకొండు మందిమి ఒకే సర్కారు నౌకరికి తయారయ్యాం. పదిమందికి హాల్ టికెట్లు వచ్చాయి. పట్టీలో ఒక్క వరుస రెండో మెట్టు మీదే ఆగింది. అది నాది. పరీక్ష ఆదివారం. బుధవారం పొద్దున సారు సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వచ్చారు.

"వద్దు సార్, గా నౌకరి నాకంత ఇష్టం గూడ లేదు" అన్నాను.

"నీ ఇష్టం ఎవడడిగిండుర? ఫారం పోయినంక హాల్ టికెట్ రావాలె. రాలేదంటే ఎవడో తప్పు చేసిండు. ఎవడో చూసొస్త. నువ్వు ఫికర్ చెయ్యక సదువుకో."

పట్నంలో ఆ పరీక్షల ఆఫీసు కిటికీ ముందు సాయంత్రం దాకా నిలబడ్డారట. గుమాస్తా రిజిస్టరు రెండుసార్లు తిరగేసి, అట్లాంటి ఫారం రాలేదన్నాడు. సారు మా పట్టీలో ఉందన్నారు. "అయితే హాల్ టికెట్ గూడ మీ కంప్యూటర్‌నే ఇయ్యమను పెద్దాయనా" అన్నాడు వాడు. వరుసలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. వారిలో మన ఊరివాడు ఒకడుండటంతో ఆ మాట సారు కన్నా ముందే బస్సు దిగింది.

ఆ శనివారం హోటల్‌లో ఎవరూ తమ మెట్టు చెప్పలేదు. "సారూ, మా పేర్లు తీసెయ్యిండ్రి, మీ డబ్బ మమ్మల్ని ఏడికి తోలుతదో!" అన్నారు.

సారు నా వైపు చూసి, వాళ్లతో అన్నారు: "పోరడు చెప్పిందే అది రాసుకున్నది. పోరడు అబద్ధం చెప్పడు."

నేను గ్లాసులో మిగిలిన చాయ తాగాను. ఆ తర్వాత పట్టీలో కొత్త పేరు ఎక్కలేదు. కొన్నాళ్లకు సారు కంప్యూటర్ మీద దుప్పటి కప్పారు, మళ్లీ తీయలేదు.

సభలో నన్నూ మాట్లాడమన్నారు. లేచి, గొంతు సవరించుకుని, సారు గొప్ప మనిషి అని కూర్చున్నాను. పెద్దమనుషులారా, మీ మీద కోపం ఇక చాలు. ఎవరు ఫారం పంపానన్నా రిజిస్టరు పోస్టు రశీదు కళ్లతో చూడందే సారు రెండో మెట్టు ఎక్కించేవారు కాదు. నన్నూ అడిగారు. "ఇంట్ల మరిచొచ్చిన సార్" అన్నాను. "సరే తియ్, నువ్వేగద" అని ఎక్కించారు. చూడకుండా ఎక్కించిన గడి ఆ పట్టీలో అదొక్కటే.

ఫారం నేను పంపలేదు. గడువు చివరి రోజు నందికొండ డ్యాం గేట్లు ఎత్తారంటే దోస్తులతో చూడబోయాను. ఆ ఫారం ఇప్పటికీ నా దగ్గరుంది. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా సారు టైపు చేసిచ్చిందది. స్టాంపులు అంటించిన ఆ కవరు నోరు ఇంకా తెరిచే ఉంది.