ఎడమ చెవి

రిటైర్మెంటుకి కొద్ది నెలల ముందు, జబ్బు సెలవుల గురించి మాటా మాటా పెరిగి, ఒక పెద్దమనిషి కాలరు పట్టుకున్నాను. ఆయన కూడా నాలాగే కెప్టెన్. ఆయనది తాడేపల్లిగూడెం, నాది పెదపాడు పక్క పల్లె. ఒకే వైపు వాళ్ళమని హైదరాబాదు ఎయిర్‌పోర్టులో కలిసినప్పుడల్లా పక్కపక్కన కూర్చుని టీ తాగేవాళ్ళం. అరవై అయిదు నిండిన పైలట్‌కి ఒంట్లో ఎంత సత్తువ ఉన్నా ప్రయాణికుల విమానం చేతికివ్వరు. మా ఇద్దరికీ ఆ రోజు దగ్గరపడింది. వాడుకోని జబ్బు సెలవులన్నీ ఆ రోజుతో గాలికి పోతాయి. అందుకని ఆయన నాకో ఉపాయం చెప్పాడు.

"నడుం నొప్పి అని పెట్టెయ్యండి. నడుం నొప్పిని ఏ మిషనూ పట్టుకోలేదండి. ఆఖరి రెండు నెలలూ కాళ్ళు చాపుకుని ఇంట్లో కూర్చోవచ్చు."

చాలా మెత్తగా అన్నాడు. మా వైపు మనుషులు దొంగతనం నేర్పినా అండీ తగిలించే నేర్పుతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరు ఉత్తుత్తి నడుం పట్టుకుని పడుకుంటే, నిద్ర చాలని ఇంకో పైలట్‌ని మంచం మీద నుంచి లేపి మీ బదులు పంపుతారు, అది దొంగతనం కాదా అని అడిగాను. దొంగ అన్న మాటకి ఆయన లేచాడు, నేనూ లేచాను. ఆయన చొక్కా పై గుండీ ఊడి నా చేతిలోకి వచ్చింది. మధ్యలో ఇద్దరు కుర్ర పైలట్లు దూరి మమ్మల్ని విడదీశారు. భుజాల మీద బంగారు గీతలున్న ఇద్దరు ముసలాళ్ళం రొప్పుతూ నిలబడ్డాం. సిగ్గేసింది, కోపం మాత్రం తగ్గలేదు.

మా ఇంట్లో మగవాళ్ళకి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. మా నాన్న పలుపుతాడు నీళ్ళలో తడిపి కొట్టేవాడు. నన్నూ తమ్ముణ్ణీ వరసగా నిలబెట్టేవాడు, కళ్ళు మూసుకుని తల వంచుకోవాలి. ఆయన వదిలేశాక మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం కొట్టుకునేవాళ్ళం. నా నుదుటి మీది మచ్చ తమ్ముడు పార కామ కర్రతో కొట్టి పెట్టిందే. మెడికల్ పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు ఆ మచ్చ గురించి అడిగేవాడు, పడ్డానని చెప్పేవాణ్ణి.

చివరి రోజు దాకా నడపాలని నేనంత పట్టుబట్టడానికి కారణం ఆ తమ్ముడే. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పొలం అంతా చేపల చెరువు చేసి దాని గట్టు మీదే బతుకుతాడు. జన్మలో విమానం ఎక్కలేదు. ఇనుము గాల్లో నిలబడుతుందని అన్నయ్య చెబితే నేను నమ్మాలా అని ఊరందరి ముందూ ఎగతాళి చేసేవాడు. బతిమాలి, తిట్టి, మొత్తానికి ఒప్పించాను. నా ఆఖరి విమానం హైదరాబాదు నుంచి గన్నవరం. కంపెనీవాళ్ళని అడిగి మరీ వేయించుకున్నాను. పడమటి గాలి వీచే రోజైతే, గాలికి ఎదురుగా దిగడానికి, విమానం గన్నవరం దాటి తూర్పుకి వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. అప్పుడు కింద కొల్లేటి చెరువులన్నీ కనిపిస్తాయి. నీ చెరువు నీకు పైనుంచి చూపిస్తానురా అన్నాను. వాడు టికెట్టు కొనుక్కుని, జేబులో పెట్టుకుని, పదిమందికీ చూపించుకుంటూ తిరిగాడు.

"మొదటి వరసలోనే కూర్చుంటా అన్నయ్యా. గట్టిగా దింపావో, అక్కడే తంతాను" అన్నాడు నాతో.

ఇంకో పది పన్నెండు రోజుల్లో ఆ ప్రయాణం ఉందనగా, డ్యూటీ లేని రోజులు కలిసొచ్చి ఊరికి వెళ్ళాను. అప్పటికి నాలుగైదు రోజులుగా ముసురు, ఎండ పొడ లేదు. పొద్దున్నే కారు దిగి చెరువు దగ్గరికి నడుస్తుంటేనే కంపు ముక్కు పగలగొట్టింది. చెరువు నిండా బొచ్చె చేపలు, శీలావతులు చచ్చి, పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. గూడబాతులు దిగి మింగేస్తున్నాయి. వాటిని తోలేవాడు కూడా లేడు.

తోలాల్సిన మనిషి మోటారు షెడ్డు రాటకి కట్టేసి ఉన్నాడు. మా చెరువు కాపలా ఆయన. వయసులో నాకంటే పెద్ద. ఆదివారం చర్చికి తప్ప గట్టు వదిలి ఎరగడు. తమ్ముడు పడవ గెడ తీసుకుని ఆయన్ని గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. పక్క చెరువువాళ్ళ దగ్గర డబ్బు తిని నీళ్ళలో పురుగుమందు కలిపాడని వాడి అనుమానం. ఆయన నోటి నుంచి రక్తం కారుతోంది.

"మందు కాదండి బాబూ. కరెంటు పోయిందండి, మోటారు ఆగిపోయిందండి. మీకు ఫోను చేశానండి, మీరు ఎత్తలేదండి" అంటున్నాడు.

ఎత్తలేదన్న మాట వినగానే తమ్ముడికి పిచ్చెక్కింది. గెడ తిప్పి ఆయన చేతి మీద దించాడు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నా రెండు చెవులతో సరిగ్గా విన్న ఆఖరి చప్పుడు అదే.

పరిగెత్తి గెడ లాక్కున్నాను, చెరువులోకి విసిరేశాను. తమ్ముడు ఎవరా అని కూడా చూడలేదు. తిరిగీ తిరగడంతోనే అరచేత్తో నా ఎడమ చెవి మీద ఒక్కటి పీకాడు. చెవిలో ఏదో పటుక్కుమంది. గట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది, నేను బురదలో మోకాళ్ళ మీద కూలాను. లేచి వాడి గొంతు పట్టుకున్నాను. ఆ వయసులో, చచ్చిన చేపల మీద ఇద్దరం పడి దొర్లాం. నిజం చెప్పాలంటే, వాణ్ణి చంపేద్దామనే అనుకున్నాను. నా చెవిలోంచి కారిన రక్తం వాడి మొహం మీద పడింది. అది చూసి వాడు చేతులు వదిలేశాడు.

కాపలా ఆయన కట్లు విప్పి, నేనూ ఆయనా వెనక సీట్లో కూర్చుంటే, తమ్ముడే కారు నడిపి ఏలూరు తీసుకెళ్ళాడు. చెవి డాక్టరు లైటు వేసి చూసి లోపలి పొర చిరిగిందన్నాడు, మానడానికి నెలలు పడుతుందన్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. పోలీసు కేసవుతుందని, బాత్‌రూములో జారి పడ్డానన్నాను. అవతలి గదిలో కాపలా ఆయన గట్టు మీద జారి పడ్డానని చెబుతున్నాడు. అంత దెబ్బ తిన్న మనిషి కూడా వాణ్ణే కాశాడు.

బయటికి రాగానే తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని, కుడి చెవి బాగానే ఉంది కదా అని, ఒక్కసారి దింపెయ్యమని ప్రాధేయపడ్డాడు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. ఒకే ఒక్క ప్రయాణం, గంట కూడా ఉండదు, ఎవడు కనిపెడతాడు? ఇంటికొచ్చి పెరట్లో కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడి చూసుకున్నాను. బావి పళ్ళెం గచ్చు మీద పడబోయి, గిలక స్తంభం పట్టుకున్నాను. ఇలాంటి వాడు ఇంతమందిని వెనకేసుకుని ఎలా దింపుతాడు? జబ్బు లేకుండా సెలవు పెట్టేవాడు దొంగైతే, జబ్బు దాచి నడిపేవాణ్ణి ఏమనాలి? ఆ మధ్యాహ్నమే కంపెనీకి రాసేశాను. రిటైరయ్యే రోజు దాకా జబ్బు సెలవు.

రెండు రోజులకి నీళ్ళ పరీక్ష రిపోర్టు వచ్చింది. మందూ లేదు, మాకూ లేదు. ముసురుకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది, కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి కొట్టే మోటారు ఆగేసరికి చేపలు ఊపిరాడక చచ్చాయి. తమ్ముడు కాపలా ఆయన ఇంటికి వెళ్ళాడు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి, పడుకున్నారండీ అని మర్యాదగానే చెప్పి, తలుపు వేసేసింది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ అదే మాట.

నాకు తాడేపల్లిగూడెం కెప్టెన్ ఫోను చేశాడు. సంగతి ఆయన దాకా వెళ్ళింది.

"చాలా సంతోషమండీ. చివరికి మీరూ వాడుకుంటున్నారన్నమాట. చెవి అని పెట్టారటగా, నాకు తట్టనే లేదు సుమండీ. నడుం కంటే అదే నయం."

ఏం చెప్పను? మా తమ్ముడు కొట్టాడని చెప్పనా? పళ్ళు కొరుక్కుని అవునండీ అన్నాను. గుండీ కుట్టించుకున్నారా అని అడిగాను. ఆయన నవ్వాడు.

ఆఖరి రోజు సాయంత్రం గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళు తోడేసిన చెరువులో సున్నం చల్లి ఉంది. పడమటి గాలి వీస్తోంది. నేను నడపాల్సిన విమానం ఈ వైపు నుంచే వస్తుందని నాకు తెలుసు. తమ్ముడు వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. ఏదో అన్నట్టున్నాడు, నాకు వినపడలేదు. లేచి, చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాడు. చొక్కా జేబులో ఆ టికెట్టు ఇంకా ఉంది.

"కొట్టన్నయ్యా" అన్నాడు. కళ్ళు మూసుకుని, నాన్న ముందు నిలబడినప్పటిలా తల వంచాడు.

కొట్టాను. విరిగిన ఆ వేళ్ళకీ, పోయిన నా విమానానికీ కలిపి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. చెవికి తగలకుండా, దవడ మీద. వాడి పెదవి చిట్లింది. కళ్ళు తెరవలేదు, ఇంకోటి కొట్టమన్నాడు.

అప్పటికే విమానం చక్రాలు దించుకుని, లైట్లు వేసుకుని మా చెరువు మీదికి వచ్చేసింది.

"తలెత్తి చూడరా. నీ చెరువు మీదుగానే పోతోంది" అన్నాను.

వాడు చూడలేదు.

"నువ్వు లేవుగా అందులో" అన్నాడు.