ఫోల్కెర్ట్ కోసం వాలని రెక్క

మా ఆయన ఫోల్కెర్ట్ మంచివాడని ఊళ్లో ఇప్పుడు అందరూ అంటున్నారు. బతికున్నప్పుడు ఒక్కడూ అనలేదు. నేనూ అనలేదు. నోరు విప్పితే తిట్టే. కాలువగట్టు మీద వాళ్ల ముత్తాత కట్టిన కొయ్య గాలిమరలో నలభై ఏళ్లు పిండి ఆడించాడు. ఆ మర తప్ప ఆయనకు లోకం లేదు, నాతో సహా.

మరను కాపాడతామంటూ గ్రోనింగెన్ పట్నం నుంచి పరిరక్షణ సంఘం ఒకటి దిగి, దాన్ని తన పేర రాయించుకుంది. దాని అధ్యక్షుడు బూలెన్స్ మరకు తారు పూయించి, ఫొటోలకు బాగుంటుందని రెక్కలు కదలకుండా గొలుసు వేయించాడు.

"తిరగని మర బతకదయ్యా. వాన నీళ్లన్నీ రెక్కలో ఒకే అతుకులోకి దిగుతాయి. వారానికోసారైనా తిప్పనీ," అన్నాడు ఫోల్కెర్ట్.

"పెద్దాయనా, అది ఇప్పుడు మీ సొత్తు కాదు."

ఫోల్కెర్ట్ అతన్ని మెట్ల మీంచి తోసినంత పని చేశాడు. సంఘంవాళ్లు మర తాళంచెవి లాగేసుకున్నారు. తొమ్మిదేళ్లు వంటింటి కిటికీలోంచి ఆ గొలుసును చూస్తూ తిట్టుకున్నాడు. "చాల్లే, కాఫీ చల్లారిపోతోంది," అనేదాన్ని నేను. ఈ ఫిబ్రవరిలో పోయాడు.

మా వైపు ఎవరైనా పోతే మర రెక్కను నడినెత్తి దాటించి, కాస్త కిందికి వాల్చి ఆపుతారు. ఊళ్లో ఎన్నో చావులకు ఆయనే వాల్చాడు. ఆయనకూ వాల్చాలి, నాకు అదొక్కటే కావాలి. బూలెన్స్‌ను అడిగాను.

"సంఘం కూర్చుని నిర్ణయించాలమ్మా. వచ్చే నెల చూద్దాం."

"శవాన్ని అప్పటిదాకా కూర్చోబెట్టమంటారా?"

గురువారం ఇరుగుపొరుగువాళ్లు శవపేటిక మోసుకొచ్చి మర ముందు దించారు. పక్కింటి హార్మ్ గొలుసు కోసేశాడు. బూలెన్స్ వద్దని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. అతని మొహం కూడా చూడకుండా బ్రేకు వదిలే తాడు లాగాను. గాలి తగిలి రెక్కలు కదిలాయి. పైకి లేస్తున్న రెక్క నడినెత్తికి చేరకుండానే అతుకు దగ్గర ఫెళ్లున విరిగి గడ్డిలో పడింది. లోపలంతా కుళ్లిపోయింది. ఎవరికీ తగల్లేదు.

"దీనికి ఎవరమ్మా జవాబు చెప్పేది?" అన్నాడు బూలెన్స్.

"చెప్పేవాడు ఈ పెట్టెలో ఉన్నాడు. తొమ్మిదేళ్లు చెప్పాడు, నీ చెవికెక్కలేదు."

నా చెవికీ ఎక్కలేదు. ఆ సంగతి మాత్రం అతనికి చెప్పలేదు.