తెర మీద లేచిన చెయ్యి

ఒక మాట ఏళ్ళుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. ప్రార్థనకు మోకరిస్తే నాకంటే ముందు అదే మోకరిస్తుంది. దేవుడికి చెప్పాను, చాలాసార్లు. ఆయనకు చెప్పడం సులువు, ఆయనకు ముందే తెలుసు కాబట్టి. మనుషుల్లో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి. అంతకంటే ఏమీ అడగను.

మాది శామీర్‌పేట దగ్గర ఒక ఊరు. నేను బడికి పోలేదు. పుట్టినప్పటినుంచీ ఉబ్బసం. నాయిన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అమ్మ లేదన్న సంగతి నాకు చాలాకాలం తట్టలేదు, ఎదురింట్లో రాహేలమ్మ పెద్దమ్మ ఉంది కాబట్టి. ఆయాసం వచ్చినప్పుడల్లా వీపు రాసింది ఆమె కుడిచెయ్యే. నా బతుకులో నేను స్తోత్రం చెప్పుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో ఆ చెయ్యి ముందుంటుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ చెయ్యి గురించే.

ఎవరో ఆఫీసువాళ్ళు వదిలేసిన పాత ల్యాప్‌టాప్ నాయిన తెచ్చిపెట్టాడు. దాని పైభాగంలో చిన్న కెమెరా ఉంది. ఆ కెమెరా మన చేతిని గుర్తుపట్టేలా చెయ్యొచ్చని వీడియోలు చూసి నేర్చుకున్నాను. చెయ్యి ఊపితే తెర మీద పూలు రాలేవి. బొటనవేలు, చూపుడువేలు కలిపితే గంట మోగేది. ఖాళీ మణికట్టు కెమెరా ముందు పెడితే తెర మీద దానికి గాజులు వచ్చేవి. ఆదివారం పిల్లలు మా ఇంటి ముందు వరస కట్టేవాళ్ళు. బయట ఆడుకోలేని పిల్లగా పెరిగిన నాకు, గాలిలో చెయ్యి కదిలిస్తే లోకం కదలడం ఎంత సంతోషమో మీకు చెప్పలేను. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. తప్పు తర్వాత వచ్చింది.

పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు. కాలు కొంత కుదుటపడింది, చెయ్యి పడలేదు. కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి ఎక్కడుందో కూడా తెలియడం లేదనేది. కొడుకు యోహాను తుర్కపల్లి ల్యాబులకు కంపెనీ క్యాబు నడుపుతాడు. డ్యూటీ మానుకుని ఆమెను మేడ్చల్‌లో కసరత్తు చేయించే మేడం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మొదటి నెలలే ముఖ్యం, ఇప్పుడు చేసిందే మిగులుతుంది అని ఆ మేడం అందట. కానీ అక్కడ నొప్పి. పెద్దమ్మ ఏడుస్తూ ఇంటికి వచ్చేది. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి తన కొప్పు తనే వేసుకోవాలి. కోడలు సునీత తల దువ్వుతుంటే సిగ్గుతో ముడుచుకుపోయేది.

నేనొక ఆట తయారుచేశాను. పెద్దమ్మ కెమెరా ముందు కూర్చుంటే తెర మీద ఆమే కనిపిస్తుంది, అదే మంచం, అదే గోడ. ఆమె భుజం పక్కన ఒక కొమ్మ, కొమ్మ మీద పిట్ట. కెమెరా ఆమె మణికట్టును కనిపెడుతూ ఉంటుంది. తెరకు అడ్డంగా ఒక గీత ఉంది, ఆమెకు కనపడదు. మణికట్టు ఆ గీత దాటితే పిట్ట ఎగురుతుంది. గీతను ఆమె భుజం ఎత్తున పెట్టాను.

మొదటిరోజు ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పక్షవాతం వచ్చాక అంత నవ్వడం అదే మొదలు. పిట్ట కదలకపోతే దాన్నే తిట్టేది: "లేవే పిట్టా! నీగ్గూడ పచ్చవాతమొచ్చిందా ఏంది?" సునీత వంటింట్లోంచి వినీ వినీ, "అత్తమ్మా, పిట్టలతోటి కొట్లాట అయిపోతే రా, తల దూస్త" అనేది. "నువ్వే ఉండు పోరీ, నా పిట్ట ఎగిరినంక నా కొప్పు నేనే ఏసుకుంట" అనేది పెద్దమ్మ.

పిట్ట ఎగరలేదు. చెయ్యి నడుము దాకా వచ్చి ఆగిపోయేది. వారం గడిచేసరికి నవ్వు తగ్గింది. తెర వైపు చూడటం కూడా తగ్గింది. అప్పుడు నేను గీతను కొంచెం కిందికి దించాను. ఒక్క అంకె మార్చడమే. పిట్ట ఎగిరింది. ఆమె "స్తోత్రం ప్రభువా" అని ఏడ్చింది. ఇంతవరకే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. మనసు నిలబడాలంటే మొదట కొంచెం తేలిక చెయ్యాలి కదా, మెల్లగా మళ్ళీ పైకి జరపొచ్చు కదా అనుకున్నాను. జరిపానా? లేదు. ఇంకా దించాను. ఎందుకు?

ఇక్కడే నేను ఇన్నేళ్ళు నాకు నేను అబద్ధం చెప్పుకున్నాను. జాలి అని చెప్పుకున్నాను. జాలి ఉంది, కాదనను. కానీ ఆ రోజుల్లోనే, ఇలాంటి ఆటలూ తెరలూ తయారుచేసే నగరంలోని ఒక చిన్న కంపెనీవాళ్ళు నేను పంపిన పనులు చూసి, రోగి ఎవరైనా వాడుతున్న వీడియో ఉంటే పంపమన్నారు. బడి ముఖం చూడని దాన్ని. ఏ పట్టా లేనిదాన్ని. నా పనిని ఎవరో అడగడం అదే మొదటిసారి. నాకు ఎగిరే పిట్ట కావాలి. అది జాలేనా, చెప్పండి?

గీత బాగా కిందికి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. తెర మీద పెద్దమ్మకు తన బొమ్మ కనపడుతోంది కదా. చెయ్యి ఒడిలోంచి జానెడు లేస్తే పిట్ట ఎగిరిపోతోంది. అది ఆమె కళ్ళకు కనపడుతుంది. అందుకని ఆమెను తెర మీదనుంచి తీసేశాను. మంచం, గోడ, మనిషి, అన్నీ తీసేసి ఆ చోట నీలం ఆకాశం పెట్టాను. చేతికి బదులు ఒక వెలుగు. చెయ్యి జానెడు లేస్తే వెలుగు ఆకాశమంత ఎత్తు లేచేలా లెక్క మార్చాను. ఆడుతున్నంతసేపూ ఆమె కళ్ళు తెర మీదే, పక్కన ఉండేది నేనొక్కదాన్నే. కళ్ళు మూసుకుంటే తన చెయ్యి ఎక్కడుందో తెలియని మనిషికి, కళ్ళు తెరిచినా తెలియకుండా చేశాను. ఇప్పుడు రాస్తుంటే వేళ్ళు ఆగిపోతున్నాయి. ఆ రోజు ఆగలేదు.

ఆ సాయంత్రం ఆమె నన్ను అడిగింది. ఆ మాటలు ఒక్కటీ మరచిపోలేదు.

"బిడ్డా, నిజంగ గంత పైకి లేస్తాందా నా చెయ్యి? నాకైతే ఏం తెలుస్తలేదే."

"లేస్తాంది పెద్దమ్మా. కనవడ్తలేదా?"

"కనవడ్తాంది. నువ్వు చెప్పినవంటే గంతే ఇగ. ఇగ ఆ మేడ్చలుకు పోవుడెందుకే? ఆ పొల్ల గుంజుతాంటే పానం పోతాంది. పోరనికి డ్యూటీ ఖరాబైతాంది."

అక్కడొక క్షణం దొరికింది. దేవుడు నాకిచ్చిన క్షణం అది. పో పెద్దమ్మా, తప్పకుండా పో అంటే సరిపోయేది. నిజం చెప్పకపోయినా ఆ ఒక్క మాట చాలు.

"నీ ఇష్టం పెద్దమ్మా," అన్నాను.

మర్నాడు వీడియో తీశాను. అందులో ఆమె ముఖముంది, నవ్వుంది, ఆకాశంలో పిట్టలున్నాయి. చెయ్యి లేదు. చెయ్యి పడకుండా ఫోను పట్టుకున్నాను.

మేడ్చల్ పోవడం మానేశారు. మేడం ఫోను చేస్తే యోహాను, "ఇంట్లనే చేస్తున్నది మేడం, కంప్యూటర్ల మస్తు లేస్తాంది" అన్నాడు, నా ముందే. అతని ముఖంలో ఎంత ఊరట! నేను తల దించుకుని ల్యాప్‌టాప్ మూశాను.

తర్వాత కొన్ని వారాలకు మా మందిరంలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, పెద్దమ్మ లేచి నిలబడింది. మేం ఆడవాళ్ళం చాప మీద కూర్చుని ఉన్నాం, నేను ఆమె పక్కనే. "దేవుడు నా చెయ్యి నాకిచ్చిండు," అంది. "మా బిడ్డ చేసిన పిట్టల ఆటల దినాం లేస్తాంది. అందరు జూడుండ్రి, మీ ముంగట నా కొప్పు నేనే ఏసుకుంట." ఎడమచేత్తో తల మీది కొంగు తీసింది. కుడిచెయ్యి ఎత్తింది.

నడుము దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

మళ్ళీ ఎత్తింది. భుజం వణికింది, ముఖం ఎర్రబడింది, చెయ్యి కదల్లేదు. చిన్నపిల్ల ఒకతి నవ్వింది, తల్లి నోరు మూసింది. "ఇంట్ల లేస్తది అయ్యగారూ," అంది పెద్దమ్మ. చుట్టూ చూసింది. "ఒట్టు, ఇంట్ల లేస్తది." నా వైపు చూసింది. "చెప్పవే బిడ్డా, లేస్తది గదా?"

నేను తల ఊపాను. అవునని ఊపాను.

పాస్టరయ్యగారు ప్రార్థన చేశారు. బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఒక పెద్దావిడ పెద్దమ్మ భుజం మీద చెయ్యేసి మెత్తగానే అంది: "ఇంట్ల లేసేది దేవుని సన్నిధిల లేస్తలేదంటే, మనసుల ఏదన్న దాసిపెట్టుకున్నవేమో అక్కా. ఒప్పుకో. రోగం ఇడిసిపెడ్తది." ఆమె మంచి మనసుతోనే అంది. పెద్దమ్మ ఆ వారమంతా తన బతుకంతా వెతుక్కుంది. నాతో కూడా అడిగింది, నేనేం పాపం చేసిన్నో నీకేమన్న యాదికొస్తాందా అని. నన్ను అడిగింది.

మరుసటి ఆదివారం మళ్ళీ లేచి నిలబడింది. ఎప్పుడో పొలం గట్టు తగాదాలో తోటికోడలితో మాటలు పోయాయనీ, ఆమె చనిపోతే మట్టికి కూడా పోలేదనీ, అందరి ముందూ ఏడుస్తూ ఒప్పుకుంది. ఒప్పుకుని చెయ్యి ఎత్తింది. చెయ్యి లేవలేదు. ఆ పక్కనే, అదే చాప మీద, నిజంగా దాచిపెట్టుకున్న నేను కూర్చునే ఉన్నాను. ఆమె నిలబడింది. నేను కూర్చున్నాను. ఇంతకంటే చెప్పడానికి నాకు చేతకావడం లేదు.

ఆ తర్వాత ఆమె ఆట ఆడలేదు. యోహాను మళ్ళీ మేడ్చల్ తీసుకెళ్ళేసరికి భుజం బిగిసిపోయిందన్నారు. ముందునుంచీ వచ్చి ఉంటే అని ఆ మేడం ఏదో అనబోయి ఆపేసిందట. ముందునుంచీ పోయి ఉంటే కొప్పు వేసుకోగలిగేదా? ఏమో. కొందరికి అసలు రాదట. ఆ "ఏమో"ను పట్టుకుని కూడా నేను కొన్నేళ్ళు బతికాను. అది నిజమే కావచ్చు. కానీ ఆమెకు రావలసిన ఆ కొద్ది అవకాశం ఆమెది. దాన్ని నేను వాడుకున్నాను.

వీడియో చూసి కంపెనీవాళ్ళు పని ఇచ్చారు. ఇప్పటికీ అదే పని. మేడ్చల్ రోడ్డు మీది ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళికొచ్చినవాళ్ళు తెర ముందు చెయ్యి ఊపితే అక్షింతలు రాలే ఏర్పాటు చేస్తాను. నాయిన మందులు, ఇంటి మీది స్లాబు, అన్నీ ఆ పని పెట్టినవే. భోజనానికి ముందు స్తోత్రం చెప్పుకుంటాను. ఎవరికి చెప్పుకుంటున్నానో ఒక్కోసారి తెలియదు.

పెద్దమ్మ ఉంది. చెయ్యి ఛాతీకి ముడుచుకుపోయి ఉంటుంది. మందిరానికి వస్తుంది కానీ సాక్ష్యానికి లేవదు, గుమ్మం దగ్గర చివర కూర్చుంటుంది. దేవుడు తన మీద అలిగాడనే ఇప్పటికీ అనుకుంటోంది. "నాకియ్యకున్నా నీకిచ్చిండు బిడ్డా, గది సాలు" అంటుంది నాతో. మనస్ఫూర్తిగానే అంటుంది. చేతి సంగతి ఒకటి. ఆమెకూ ఆమె దేవుడికీ మధ్య నేను పెట్టిన ఈ అలక ఇంకొకటి. ఒక్క మాటతో దాన్ని తీసెయ్యగలను. ఆ మాట చెపితే ఆమె నన్ను క్షమిస్తుందని తెలుసు. అక్కడికక్కడే క్షమిస్తుంది. చెప్పలేకపోవడానికి భయం కారణమా, లేక ఆమె ముందు ఇంకా మంచిదాన్నిగా ఉండాలన్న ఆశ కారణమా? రెండోదే అనుకుంటాను.

రేపు వెళ్ళి చెపుతానని మీకు మాటివ్వను. ఇలాంటి మాటలు దేవుడికి చాలా ఇచ్చాను. ఈ రోజుకు నాతో అయింది ఇంతే. పెద్దమ్మ విశ్వాసంలో ఏ లోటూ లేదు. గీత దించింది నేను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. రాశాను. ఇక ఇవి నా ఒక్కదానికే తెలిసినవి కావు.